పదిహేనేళ్ల పిల్లను బోనెక్కించకండి

అప్పు చేసి కూతురి పదిహేనో పుట్టినరోజు చేసిన మెక్సికన్ తండ్రిని చూసి నవ్వేవాళ్ల మీద నాకు పట్టరాని కోపం. టెక్సస్‌లో స్థిరపడిన మన తెలుగువాళ్ల ఇళ్లలో, శనివారం భోజనాల దగ్గర ఈ నవ్వు చాలాసార్లు విన్నాను. "ఇంటద్దె కట్టడానికి గతిలేదు గానీ పిల్ల పుట్టినరోజుకి లిమోజీన్ కావాలి వీళ్లకి" అంటారొకరు. "వచ్చిందే దొంగదారిన, పైగా బ్యాండుమేళమా" అంటారింకొకరు. తెల్లవాళ్లు ఇదే మాటకు కాస్త మర్యాద పూసి, ఆ డబ్బు కాలేజీ చదువుకు దాచొచ్చు కదా అంటారు. చదువుకుని పైకొచ్చిన లాటినోల్లో కొందరిదీ అదే పాట. అందరూ కలిసి నిలదీసేది ఎవర్ని? ఒక పదిహేనేళ్ల పిల్లని. ఒక్క సాయంత్రం అయినవాళ్లందరి మధ్యా తలెత్తుకుని నిలబడాలనుకోవడం ఆ పిల్ల చేసిన తప్పు.

కిన్సెన్యేరా అంటే ఏమిటో తెలుసుకోకుండానే తీర్పులు చెప్పేస్తున్నారు కాబట్టి ముందు అదేమిటో చెప్పాలి. మెక్సికో, క్యూబా, ప్యూర్టోరికో, డొమినికన్ రిపబ్లిక్, ఎల్ సాల్వడార్, గ్వాటెమాలా లాంటి చోట్ల నుంచి వచ్చిన కుటుంబాలు ఆడపిల్లకు పదిహేనేళ్లు నిండితే చేసే వేడుక ఇది. ముందు చర్చిలో కృతజ్ఞతా పూజ. నేల మీద జీరాడే గౌను వేసుకున్న పిల్ల తల్లిదండ్రుల మధ్య నడిచొచ్చి పూజాపీఠం ముందు మోకరిల్లుతుంది. బైబిలు, జపమాల, మెడలోకి గ్వాదలూపే మాత పతకం ఇస్తారు. సాయంత్రం హాల్లో విందు. పూర్తి లాంఛనంగా చేస్తే పిల్ల వెంట 14 మంది అమ్మాయిలు, 14 మంది అబ్బాయిలు జంటలుగా నిలబడతారు, గడిచిపోయిన ఒక్కో ఏడాదికి ఒక్కో జంట చొప్పున. ఈ పిల్లలంతా నెలల తరబడి ఏ గ్యారేజీలోనో, అపార్ట్‌మెంట్ల పార్కింగ్‌లోనో వాల్ట్స్ నాట్యం నేర్చుకుంటారు. పిల్ల తల మీద కిరీటం పెడతారు. ఆఖరి బొమ్మ అని ఒక బొమ్మ ఇస్తారు, ఇక బొమ్మలాటల వయసు దాటిందని. చాలా ఇళ్లలో ఆ బొమ్మ చెల్లెలి చేతికో, చిన్న పిల్లల గుంపులోకో వెళ్లిపోతుంది. ఆ తర్వాత తండ్రి వచ్చి కూతురి కాళ్లకున్న చదును చెప్పులు విప్పి మొదటిసారి మడమ జోళ్లు తొడుగుతాడు. వాటితోనే తండ్రితో మొదటి నాట్యం.

ఆ చెప్పుల ఘట్టాన్ని నేను మొదటి వరసలో కూర్చుని చూశాను. ఆ తండ్రిది ఇళ్ల పైకప్పులు వేసే పని. టెక్సస్ ఎండలో ఏటవాలు కప్పు మీద మోకాళ్ల మీద పాకుతూ షింగిల్స్‌కు మేకులు కొట్టే పని. కూతురి ముందు అదే మోకాళ్ల మీద కూర్చున్నాడు. వెండిరంగు జోళ్ల పట్టీకి చీపురుపుల్లంత సన్నటి బకిల్. సుత్తి దెబ్బ తగిలి నల్లబడ్డ బొటనవేలి గోరు, కాయలు కాసిన వేళ్లు. పట్టీ రంధ్రంలోకి బకిల్ ముల్లు దూరడం లేదు. పిల్ల వంగి సాయం చేద్దామంటే బిగించి కట్టిన గౌను నడుము దగ్గర వంగనివ్వడం లేదు. బ్యాండువాళ్లు అదే రాగాన్ని తిప్పి తిప్పి వాయిస్తున్నారు. పక్కన పిన్నమ్మ ఫోన్ పట్టుకుని ఉంది. వీడియోలో మెక్సికోలోని మిచోఆకాన్ నుంచి నాయనమ్మ చూస్తోంది. పిన్నమ్మ ఫోన్ కిందికి దించి ఆ పాదాల వైపు తిప్పింది, ముసలామెకు బాగా కనిపించాలని. బకిల్ పడగానే ఫోన్లోంచి వచ్చిన కేక హాలంతా వినిపించింది.

నాయనమ్మ ఎందుకు రాలేదు? వీసా ఇవ్వలేదు. కొడుకు తల్లి దగ్గరికి ఎందుకు వెళ్లడు? 1996లో క్లింటన్ సంతకం చేసిన చట్టం ప్రకారం, కాగితాలు లేకుండా ఏడాది, అంతకు మించి అమెరికాలో ఉన్న మనిషి దేశం దాటితే పదేళ్ల దాకా మళ్లీ అడుగుపెట్టడానికి వీల్లేదు. వెళ్తే తల్లి దక్కుతుంది, భార్యాబిడ్డలు దూరమవుతారు. అమెరికాలో లక్షల కుటుంబాలు ఏళ్ల తరబడి ఇలా సగం ఇక్కడా సగం అక్కడా బతుకుతున్నాయి. అలాంటి కుటుంబం అంతా, తెగినవాళ్లు తెగినచోటే ఉండి కూడా, ఒక్కటిగా కనబడే రోజు ఇది. దాన్ని పట్టుకుని దుబారా అంటున్నారు.

ఇక సంస్కృతి పండితులున్నారు. అసలు ఇది మీ సంప్రదాయమే కాదు పొమ్మంటారు. దీని మూలాలు ఒకప్పుడు మెక్సికోను ఏలిన ఆజ్టెక్‌ల కాలానివని చాలా కుటుంబాలు నమ్ముతాయి. పదహారో శతాబ్దంలో సహగున్ అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసి రాయించిన గ్రంథంలో, ఎదిగిన కూతురికి ఆజ్టెక్ తల్లిదండ్రులు చేసే హితబోధలు ఉన్నాయి కూడా. కానీ ఈ గౌను, ఈ వాల్ట్స్ అక్కడివి కావు. 1864 నుంచి 1867 దాకా మెక్సికోను ఏలిన ఆస్ట్రియా రాకుమారుడు మాక్సిమిలియన్ దర్బారుతో యూరప్ నాట్యాలు, దుస్తులు వచ్చాయంటారు. ఆ తర్వాత అధ్యక్షుడు పోర్ఫీరియో దియాస్ హయాంలో పెద్దింటివాళ్లు తమ కూతుళ్లను సంఘానికి పరిచయం చేసే విందులు పెట్టారు. సామాన్యుల ఇళ్లలోకి ఇది వచ్చింది ఇరవయ్యో శతాబ్దంలోనే. లిమోజీన్, స్మోక్ మెషీన్, మెరుపు దీపాలు అమెరికా చేర్చినవి.

అయితే ఏమిటట? పదహారో శతాబ్దపు పత్రం చూపిస్తే తప్ప తండ్రి కూతురితో నాట్యం చేయకూడదా? అమెరికాలో యూదుల ఆడపిల్లలకు చేసే బాత్ మిట్జ్వా మొదటిసారి 1922 మార్చిలో న్యూయార్క్‌లో జరిగింది. మోర్డెకాయ్ కాప్లాన్ అనే మతగురువు తన కూతురు జుడిత్‌కి చేశాడు. దానికి వయసు ఒక నూరేళ్లు. దాన్ని నకిలీ అన్నవాణ్ని నేనింతవరకూ చూడలేదు, అనకూడదు కూడా. దేశం దాటొచ్చిన ప్రతి జాతీ తనకు కావలసిన పండగను ఉన్న సరుకుతో కట్టుకుంది. పేదవాడి పండగ దగ్గరికి వచ్చేసరికి మాత్రం పుట్టుపూర్వోత్తరాల ధ్రువపత్రం అడుగుతున్నారు. అమెరికాలో పాదిరీలు కూడా చాలాకాలం ఈ పూజకు మొహం చిట్లించారు. ఇది మతసంస్కారం కాదు, ఆర్భాటం అన్నారు. పిల్లలూ తల్లులూ అడగడం మానలేదు. చివరికి 2007లో వాటికన్ అమెరికా చర్చిల కోసం పదిహేనో పుట్టినరోజు ఆశీర్వాద క్రమాన్ని ఆమోదించింది.

డబ్బు సంగతికి వద్దాం. ఈ వేడుకకు అయిదు వేల డాలర్ల నుంచి ఇరవై వేల దాకా, ఒక్కోచోట అంతకు మించీ అవుతుంది. అమెరికా కేంద్ర ప్రభుత్వం నిర్ణయించిన కనీస కూలి 2009 నుంచి గంటకు 7.25 డాలర్ల దగ్గరే ఆగిపోయింది. టెక్సస్‌లో నేటికీ అదే. పది వేల డాలర్ల వేడుక అంటే ఆ కూలికి దాదాపు 1,380 గంటలు. ఇంట్లో ఒక్క పూట కూడా తినకుండా వారానికి 40 గంటల చొప్పున ఎనిమిది నెలల పని. ఈ లెక్క విని ఆ తండ్రిని తిట్టాలనిపించినవాళ్లకు నా ప్రశ్న ఒక్కటే. కోపం ఆ వేడుక మీదకు ఎందుకు పోయింది? పదిహేనేళ్లకు పైగా కదలని ఆ కూలి మీదకు ఎందుకు పోలేదు?

పైగా ఆ డబ్బంతా ఒక్క తండ్రి జేబులోంచి వస్తుందనుకోవడం ఆ సమాజం గురించి ఓనమాలు తెలియకపోవడమే. పద్రినోలు, మద్రినాలు అని ఉంటారు. జ్ఞానతండ్రులు, జ్ఞానతల్లులు. కేకు ఒక మద్రినా తెస్తుంది. కిరీటం మేనత్తది. జోళ్లు తల్లి పనిచేసే చోట తోటి కార్మికురాలివి. బ్యాండుకు పెదనాన్న, అతనితో పాటు ఇంకో ఇద్దరు. బైబిలుకు పక్కింటామె. ఆహ్వానపత్రిక మీద ఈ పేర్లన్నీ, ఎవరు ఏది ఇచ్చారో దానితో సహా అచ్చువేస్తారు. ఇచ్చిన మనిషికి ఆ పిల్ల మీద హక్కు వస్తుంది, బాధ్యతా వస్తుంది. రేపు తండ్రిని పని దగ్గర పట్టుకెళ్లిపోతే ఆ రాత్రి పిల్లను ఎవరింటికి పంపాలో ఆ ఆహ్వానపత్రికే చెబుతుంది. బ్యాంకు అప్పివ్వని, ఇన్సూరెన్స్ దొరకని, పోలీసుకు ఫోన్ చేయడానికి భయపడే మనుషులు తమ చుట్టూ తాము కట్టుకున్న గోడ అది. కాలేజీ ఖాతాలో వేసిన డబ్బు అలాంటి నలభై మందిని తెచ్చిపెట్టదు.

అప్పుల్లో కూరుకుపోయిన ఇళ్లు లేవని నేననను. గౌన్ల షాపులు, హాళ్లు, ఫోటోగ్రాఫర్లు, ఎక్స్‌పోలు కలిసి పద్నాలుగేళ్ల పిల్లలకు ఆశలు రేపి తల్లులను పీడించడం నిజం. ఆ వ్యాపారాన్ని ఎంత తిట్టినా నాకు సమ్మతమే. కానీ డబ్బున్నవాళ్ల వేడుకలో ఇదే ఖర్చు ఏ పేరుతో చలామణీ అవుతుందో కూడా చూడండి. సరిహద్దు ఊరు లరేడోలో 1898 నుంచి జార్జి వాషింగ్టన్ పుట్టినరోజు ఉత్సవం జరుగుతోంది. 1939లో మొదలైన మార్తా వాషింగ్టన్ సొసైటీ అక్కడి పెద్దింటి అమ్మాయిలను ఏటా ఒక బాల్‌లో సంఘానికి పరిచయం చేస్తుంది. వాళ్లలో చాలామంది మెక్సికన్ మూలాలవాళ్లే. అమెరికా తొలినాటి దొరసానుల వేషంలో, పూసలతో చేతికుట్టు చేసిన గౌన్లలో వస్తారు. ఒక్కో గౌను 40 కిలోల దాకా బరువు ఉంటుంది, 30 వేల డాలర్ల దాకా పలుకుతుంది. దాన్ని వారసత్వం అంటారు. టీవీ కోసం డాక్యుమెంటరీ తీశారు. అదే రాష్ట్రంలో పైకప్పులు వేసే మనిషి కూతురికి గౌను కుట్టిస్తే పొదుపు పాఠం చెప్తున్నారు.

కాలేజీ మాట ఎత్తారు కాబట్టి ఆ మాటా తేల్చుకుందాం. 1982లో అమెరికా సుప్రీంకోర్టు, టెక్సస్‌లోని టైలర్ ఊరి బడుల కేసులోనే, కాగితాలు లేని పిల్లలకు కూడా బడిలో చోటివ్వాలని తీర్పిచ్చింది. కాబట్టి కాగితాలు లేని పిల్ల కూడా అయిదేళ్లప్పుడు బడికెళ్తుంది. ఇంగ్లీషు నేర్చుకుంటుంది. రోజూ పొద్దున గుండెల మీద చెయ్యి వేసుకుని అమెరికా జెండాకు ప్రమాణం చెబుతుంది. తనకీ పక్క సీటు పిల్లకీ తేడా ఉందన్న సంగతి చాలామందికి తెలియదు, ఇంట్లో చెప్పరు. టెక్సస్‌లో 15 ఏళ్లకు కారు నేర్చుకునే లైసెన్సు ఇస్తారు. క్లాసులో అందరూ ఆ కార్డులు తెచ్చి చూపించుకుంటారు. ఈ పిల్ల ఇంటికొచ్చి నాకూ కావాలంటుంది. దానికి చట్టబద్ధంగా ఉంటున్నట్టు రుజువు కావాలి. అప్పుడు తల్లి వంటింట్లో కూర్చోబెట్టి నిజం చెబుతుంది.

గౌను కొలతలు ఇచ్చే ఏడాదే ఆ నిజమూ తెలుస్తుంది. పదిహేనేళ్ల వయసు మీద అమెరికా ప్రభుత్వానిది ఒక లెక్క, ఆ కుటుంబానిది ఇంకో లెక్క. ఒబామా 2012 జూన్ 15న ప్రకటించిన డాకా పథకానికి దరఖాస్తు చేసుకోవడానికి కనీస వయసు 15. చిన్నప్పుడు తల్లిదండ్రుల వెంట వచ్చిన పిల్లలకు రెండేళ్లకోసారి పొడిగించుకునే పని అనుమతి, దేశం నుంచి పంపేయరన్న తాత్కాలిక భరోసా అది ఇచ్చింది. కొన్నేళ్ల పాటు ఎన్నో ఇళ్లలో పదిహేనో పుట్టినరోజు అంటే ఇటు చర్చికీ అటు వకీలు దగ్గరికీ వెళ్లే రోజు. 2021 జులైలో టెక్సస్‌లోని ఒక ఫెడరల్ జడ్జి కొత్త అనుమతులు ఆపేశాడు. ఆపకపోయినా తలుపు దానంతటదే మూసుకుపోయేది. ఎందుకంటే 2007 జూన్ 15 నుంచి అమెరికాలోనే ఉన్నట్టు చూపాలన్నది నియమం. ఆ తేదీ తర్వాత పుట్టిన పిల్ల అది చూపలేదు. అంటే 2022 జూన్ దాటాక పదిహేనేళ్లు నిండిన ఏ ఒక్క పిల్లకూ డాకా లేదు, రాదు. ఆ తేదీని కాంగ్రెస్ మార్చలేదు, అధ్యక్షులు మార్చలేదు, కోర్టులు మార్చలేదు. పిల్లలు మాత్రం ఏటా ఎదుగుతూనే ఉన్నారు.

మరి కాలేజీ? కాగితాలు లేని విద్యార్థులకు కూడా, రాష్ట్రంలోనే హైస్కూలు చదివి ఉంటే, స్థానికుల ఫీజే తీసుకోవాలని 2001లో చట్టం చేసిన మొదటి రాష్ట్రం టెక్సస్. రిపబ్లికన్ గవర్నర్ రిక్ పెర్రీ సంతకం చేశాడు. 2025 జూన్ 4న కేంద్ర ప్రభుత్వం దాని మీద కేసు వేసింది. రాష్ట్ర ప్రభుత్వం తన చట్టాన్ని తాను సమర్థించుకోలేదు, ఒప్పేసుకుంది. అదే రోజు జడ్జి కొట్టేశాడు. ఇరవై నాలుగేళ్ల చట్టం ఒక్క పూటలో పోయింది. కేంద్రం ఇచ్చే విద్యార్థి సాయం ఈ పిల్లలకు ఏనాడూ లేదు. కాలేజీ గేట్లు ఇలా ఒక్కొక్కటీ మూసేస్తూ వచ్చి, ఆ తండ్రి దగ్గరికి పోయి కాలేజీకి దాచుకోమని చెప్పేవాడిది హితబోధ కాదు, క్రూరత్వం.

టెక్సస్ ఆ పిల్లకు లైసెన్సు ఇవ్వదు, ఈ దేశం పని అనుమతి ఇవ్వదు, చదువుకు సాయం ఇవ్వదు. ఆ పిల్ల ఎవరో చెప్పే ఒక్క కాగితం కూడా ఈ దేశం ఇవ్వలేదు. అలాంటి వయసులో, అలాంటి ఏడాదిలో, రెండొందల మంది లేచి నిలబడి ఆ పిల్ల పేరు పిలుస్తారు. తల మీద కిరీటం పెట్టి, ఇది మా పిల్ల, మా కళ్లముందు పెరిగింది, ఇక పెద్దదైంది అని బ్యాండు పెట్టి మరీ చెబుతారు. మనిషిగా లెక్కలోకి రావడమంటే ఇంతకంటే ఏముంది?

ఆడవాళ్ల నుంచి వచ్చే విమర్శ ఒకటుంది. దాన్ని నేను నవ్వేవాళ్ల మాటలతో జత కట్టను, దానికి గౌరవం ఇవ్వాలి. కన్యత్వానికి పూజ ఏమిటి, పదిహేనేళ్లకే పెళ్లికూతురి వేషం ఏమిటి, సంస్కృతిని మోసే పని ఎప్పుడూ ఆడపిల్లకేనా, అన్నకు లేని ఆంక్షలు చెల్లికెందుకు అని అడుగుతారు. నిజమే. వలస వచ్చిన ప్రతి జాతీ పోగొట్టుకున్న ఊరినంతా కూతురి ఒంటి మీదకు ఎక్కిస్తుంది. కొడుకు ఇంగ్లీషులో మాట్లాడితే తెలివి, కూతురు మాట్లాడితే మరిచిపోవడం. డొమినికన్ మూలాల రచయిత్రి జూలియా ఆల్వరెజ్ 2007లో ఈ వేడుక మీద ఒక పుస్తకమే రాసింది. వేడుకలో ఉన్న ఆశనూ ఉక్కిరిబిక్కిరినీ రెంటినీ చూసింది. అయితే ఈ పోరాటం ఇంటి లోపల మొదలై చాలాకాలమైంది, నడుపుతున్నది అమ్మాయిలే. తండ్రికి బదులు తల్లితో జోళ్లు తొడిగించుకునేవాళ్లు ఉన్నారు. వెంట 14 జంటలు వద్దని నలుగురు స్నేహితురాళ్లతో నడిచేవాళ్లు ఉన్నారు. లరేడోలో పెరిగిన రచయిత్రి నోర్మా కాంతూ తనకు యాభై నిండినప్పుడు అదే పద్ధతిలో యాభయ్యేళ్ల వేడుక చేసుకుని, ఎదిగిన ఆడదానికి కిరీటం ఎవరూ పెట్టనక్కర్లేదని చూపించింది. బాగుచేసుకునే హక్కు ఆ ఇంటి ఆడపిల్లది. గేటు బయట నిలబడి మొత్తం కూల్చెయ్యమనేవాడికి ఆ హక్కు లేదు.

ఆ గౌనుతో ఏం చేయొచ్చో వాళ్లే చూపించారు. 2017 మే నెలలో టెక్సస్ గవర్నర్ గ్రెగ్ ఆబట్ ఎస్‌బీ 4 అనే చట్టం మీద సంతకం చేశాడు. పోలీసులు ఏ కారణంతో ఆపిన మనిషినైనా నీ కాగితాలేవి అని అడగొచ్చన్నది అందులో ఒక భాగం. జులై 19న ఆస్టిన్‌లోని శాసనసభ మెట్ల మీద 15 మంది అమ్మాయిలు కిన్సెన్యేరా గౌన్లు వేసుకుని వచ్చారు. జోల్ట్ అనే యువతీయువకుల సంస్థ ఆ నిరసన పెట్టింది. ఎర్రవి, నీలివి, బంగారురంగువి, గుడారాల్లా పరుచుకున్న గౌన్లు. పిల్లలు మైకు దగ్గరకొచ్చి తమ ఇళ్ల మీద ఆ చట్టం ఏం చేస్తుందో చెప్పారు, తర్వాత అక్కడే నాట్యం చేశారు. అమ్మమ్మల కాలంలో ఒద్దికకు గుర్తయిన దుస్తులు ఆ పూట శాసనసభ ముందు నిరసన జెండాలయ్యాయి. ఇది కాలం చెల్లిన ఆచారం అనేవాళ్లు ఆ ఫోటోలు చూడాలి.

ఎనిమిదేళ్ల తర్వాత సంగతి ఇంకా ఘోరం. చర్చిలు, బడులు, ఆస్పత్రుల జోలికి పోకుండా వలస అధికారులను ఆపే పాత నియమాన్ని 2025 జనవరిలో ఎత్తేశారు. జూన్‌లో లాస్ ఏంజెలెస్ బట్టల మార్కెట్ ప్రాంతంలో దాడులు మొదలయ్యాయి. కిన్సెన్యేరా గౌన్లు వరసగా వేలాడే శాంటీ ఆలీ సందు ఆ ప్రాంతంలోదే. సెప్టెంబర్లో షికాగో వంతు వచ్చింది. అక్కడి లిటిల్ విలేజ్‌లో 26వ వీధి నిండా గౌన్ల దుకాణాలు, బేకరీలు, ఫోటో స్టూడియోలే. నగరంలో మిషిగన్ అవెన్యూ తర్వాత వ్యాపారం ఎక్కువ జరిగే వీధి అదేనని పేరు. ఆ మధ్యలోనే, జులైలో, కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినో బిషప్ అల్బెర్టో రోహాస్, అరెస్టు భయం ఉన్నవాళ్లు ఆదివారం పూజకు రానవసరం లేదని అధికారికంగా సడలింపు ఇచ్చాడు. ఒక బిషప్ తన మందను గుడికి రాకపోయినా ఫర్వాలేదు అనాల్సి వచ్చింది. చర్చిలో మోకరిల్లే పిల్ల వెనక తండ్రి నిలబడగలడా అన్న అనుమానంతో వేడుకలు వాయిదా వేసుకున్న ఇళ్లున్నాయి. పదిహేనో ఏడు వాయిదా పడదు.

ఇప్పుడు మనవాళ్లతో మాట్లాడతాను. డాలస్, హ్యూస్టన్ చుట్టుపక్కల ఏ బాంక్వెట్ హాలుకైనా వెళ్లి బుకింగ్ పుస్తకం చూడండి. ఒక శనివారం కిన్సెన్యేరా, ఇంకో శనివారం మన హాఫ్ శారీ ఫంక్షన్. అవే బంగారురంగు కుర్చీలు, అదే పూల తోరణం, అదే డీజే. మన పిల్లకు కంచిపట్టు లంగా ఓణీ, వడ్డాణం, ఇండియా నుంచి తెప్పించిన మేనమామ సారె. వాళ్ల పిల్లకు గౌను, కిరీటం. వాళ్లు లెక్కపెట్టేది ఏళ్లను. మనం ఊరందరికీ చాటేది పిల్ల ఒంట్లో జరిగిన సంగతిని. ఇబ్బంది పడాల్సింది ఎవరో మీరే ఆలోచించుకోండి. మన ఫంక్షన్లో ఖర్చు ఎంతైనా దాన్ని పిల్లలకు సంస్కృతి నేర్పడం అంటాం, తెలుగు సంఘాల పత్రికల్లో ఫోటోలు వేయించుకుంటాం. పక్క శనివారం అదే హాల్లో అదే పని చేసినవాడు మనకు దుబారా మనిషిగా కనిపిస్తున్నాడు.

దీనికి మనవాళ్ల దగ్గర ఒక సమాధానం సిద్ధంగా ఉంటుంది. మేం చట్టప్రకారం వచ్చాం, వాళ్లు రాలేదు అని. ఆ గీత ఎంత సన్ననిదో మన ఇళ్లకే తెలుసు. 2019 జనవరిలో మిషిగన్‌లోని ఫార్మింగ్‌టన్ యూనివర్సిటీ అమెరికా అధికారులే పన్నిన బూటకమని బయటపడింది. అప్పుడు అరెస్టయిన 130 మంది విద్యార్థుల్లో దాదాపు అందరూ భారతీయులే, వాళ్లలో తెలుగు పిల్లలు చాలామంది. ఆ వారం గుంటూరులో, కరీంనగర్‌లో నిద్రపోని తల్లిదండ్రులకు ఎవరైనా చట్టం గురించి ఉపన్యాసం ఇచ్చి ఉంటే మనం సహించేవాళ్లమా?

అంతెందుకు, లంగా ఓణీ కట్టుకుని ఫోటోలు దిగిన మన పిల్ల సంగతే చూడండి. ఆ పిల్ల తండ్రి ఉద్యోగ వీసా వెంట ఇచ్చే హెచ్-4 వీసా మీద రెండేళ్ల వయసులో వచ్చింది. ఏ దేశానికైనా ఏటా 7 శాతానికి మించి గ్రీన్ కార్డులు ఇవ్వకూడదన్న పరిమితి వల్ల తండ్రి దరఖాస్తు దశాబ్దాల వరసలో ఉంది. పిల్లకు 21 నిండగానే తల్లిదండ్రుల వీసా నీడ తొలగిపోతుంది. చదువుకునే వీసా ఏదైనా దొరకాలి, లేదా తనకు గుర్తే లేని దేశానికి వెళ్లిపోవాలి. ఆ పిల్లకు డాకా కూడా లేదు. ఎందుకంటే అది చట్టబద్ధ హోదా ఉన్న పిల్లలకు వర్తించదు. మెక్సికన్ పిల్లకు పదిహేనో ఏట ఎదురైన గోడ మన పిల్లకు ఇరవై ఒకటో ఏట ఎదురవుతుంది. గోడ మాత్రం ఒక్కటే.

చిన్నప్పుడు వచ్చిన పిల్లలకు పౌరసత్వ దారి చూపే డ్రీమ్ యాక్ట్ మొదటిసారి సెనేట్‌కు వచ్చింది 2001లో. 2010 డిసెంబర్లో సెనేట్‌లో 55 ఓట్లు పడ్డాయి, కావాల్సినవి 60. అది పడిపోయింది. ఆ ఏడాది పదిహేనేళ్లున్న ఆడపిల్లకు ఇప్పుడు ముప్పై దాటాయి. తొలి బిల్లు నాటి పిల్లల్లో కొందరు ఇప్పుడు తమ కూతుళ్లకు గౌన్లు కొలిపిస్తున్నారు.

మన సంఘాల పెద్దలు ఏటా వాషింగ్టన్ వెళ్తారు, కాంగ్రెస్ సభ్యులను కలుస్తారు. వెళ్లిన ప్రతిసారీ మా పిల్లలు వేరు, సరిహద్దు దాటొచ్చినవాళ్లు వేరు, మాకు ముందు చూడండి అన్న వాదనే నెత్తిన పెట్టుకెళ్తారు. ఇన్నేళ్లలో ఆ వాదన మన పిల్లల్లో ఒక్కరికి కూడా కార్డు తెచ్చిపెట్టలేదు. ఈసారి వెళ్లేటప్పుడు ఇద్దరు పిల్లల పేర్లూ ఒకే కాగితం మీద రాసుకుని వెళ్లండి. లంగా ఓణీ పిల్లదీ, గౌను పిల్లదీ. ఇద్దరికీ ఒకే చట్టం అడగండి. ఇవ్వనంటే, ఆస్టిన్ మెట్ల మీద ఆ 15 మంది పిల్లలు నిలబడ్డట్టు మన పిల్లలను కూడా పట్టు లంగాలతోనే పట్టుకెళ్లి కేపిటల్ మెట్ల మీద వాళ్ల పక్కన నిలబెట్టండి.